మధ్యాహ్నం చదివే మాట

మా మనవరాలు నా ఫోనులో ఒక ఆట పెట్టి వెళ్ళింది. ఒక గుండ్రటి పళ్ళెంలో ఐదారు అక్షరాలు చిందరవందరగా పడి ఉంటాయి. వేలితో వాటిని కలుపుకుంటూ పోతే మాటలవుతాయి. మాట కుదిరిందంటే గంట మోగుతుంది, ఆ వెంటనే దాని అర్థం కింద చిన్న అక్షరాల్లో వచ్చి కూర్చుంటుంది. నీకు ఊరికే కూర్చోవడం చేతకాదు గదా అమ్మమ్మా, దీంతో కాలక్షేపం చేసుకో అని చెప్పింది. చేతకాదన్న మాట నిజమే. డెబ్భై దాటినా నాకు కుదురు రాలేదు. వరండాలో కూర్చుంటే వంటింట్లో ఏదో మరిచినట్టుంటుంది, వంటింట్లోకి పోతే గేటు దగ్గర ఎవరో వచ్చినట్టుంటుంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతావని అమ్మ నన్ను చిన్నప్పుడే అనేది. ఈ ఆట నా తిరుగుడును ఆపకపోగా ఇంకొంచెం పెంచింది. ఎందుకంటే నాకు ఆ అర్థం మీద కోపం. నేను ఇంకా ఆ మాటను చూస్తూనే ఉంటాను, అది అప్పుడే తన అర్థం చెప్పేసి పక్కకు తప్పుకుంటుంది. అడగని మాటకు జవాబు చెప్పే మనుషులంటే నాకు ఎప్పుడూ పడదు.

రెండు రోజులు ఆడి, మూడోనాడు అటక మీద నుంచి అమ్మ పాలపొడి డబ్బా దింపించాను. మూత తుప్పు పట్టి రాలేదు, గరిటె కాడతో తిప్పి తీశాను. లోపల అట్టముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం. ఇన్నేళ్ళ తర్వాత కూడా చింతగింజల జిగురు వాసన పూర్తిగా పోలేదు. మంచం మీద వాటిని వరసగా పేర్చాను. అచ్చుల్లో ఒకటి, హల్లుల్లో ఒకటి లేవు. ఎవరైనా పారేశారేమోనని మా కోడలు అటక మీద వెతకబోయింది. వద్దన్నాను. అవి ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.

అప్పట్లో మేం వాకాడులో ఉండేవాళ్ళం. నాయన గూడూరు అవతల మైకా గనుల్లో పనిచేసేవాడు, ఆదివారం ఆరాధనకు మాత్రమే వచ్చేవాడు. ఆయన చొక్కా దులిపితే వాకిట్లో మెరుపులు రాలేవి. ఇంట్లో అమ్మ, నేను, నాయనను కన్న అవ్వ. అవ్వకు చదువు రాదు గాని అర్థాల మీద పట్టు మాత్రం ఆమెదే. తెల్లవారగానే ప్రార్థన. ఒక వాక్యం నేను చదవాలి. చదివినంత మాత్రాన అయిపోయేది కాదు. అవ్వ చద్దన్నం గిన్నె తన మోకాలి దగ్గర పెట్టుకుని, దాని అర్థం చెప్పమనేది. పుస్తకంలో మాటలే తిప్పి చెబితే తల అడ్డంగా ఊపేది. మన ఇంట్లో ఆ మాట ఎక్కడుందో చూపించు అనేది. నాకేమో ఆకలి. గిన్నెలో ఉల్లిపాయ, మజ్జిగ వాసన ముక్కుకు తగులుతుంటే, కనికరం అంటే ఏమిటో మా ఇంట్లో వెతుక్కుంటూ ఒక కాలి మీద నిలబడేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, నువ్వు ఆ గిన్నె ఇటు జరిపితే అదే కనికరం అన్నాను. అవ్వ గిన్నె జరిపింది. నాకు దొరికిన మొదటి సరైన అర్థం అదే.

అమ్మ మిషను పంతులమ్మ. పెద్ద స్కూల్లో కాదు. ఇసకదిబ్బలు, సరుగుడు తోపులు దాటి మూడు మైళ్ళు నడిస్తే సముద్రం ఒడ్డున ఒక పాళెం ఉండేది, అక్కడి బెస్త ఆడవాళ్ళకు చదవడం నేర్పే పని ఆమెది. తెప్పలు తెల్లవారుజామున పోయి పొద్దు నడినెత్తికొచ్చే వేళకు తిరిగొచ్చేవి. చేపలు విడదీసి, ఎండబెట్టేవి ఎండబెట్టి, ఇంత తిన్నాక ఆడవాళ్ళకు కాస్త తీరిక దొరికేది. అందుకని తరగతి ఎప్పుడూ మధ్యాహ్నమే. బడి ఒంటిపూట రోజుల్లో, సెలవుల్లో, కొన్నిసార్లు బడి ఎగ్గొట్టి కూడా నేను అమ్మ వెంట పోయేదాన్ని. వల ఆరేసే పందిరి కింద చాప పరిచేవాళ్ళు. ఎండుచేపల వాసన, తెప్పల కొయ్యల నుంచి తడి ఆరుతున్న వాసన, మధ్యలో అమ్మ చీరకున్న సబ్బు వాసన. నేను కుదురుగా కూర్చున్నది ఆ చాప మీదే అనుకుంటాను.

మొదట్లో అమ్మ అ, ఆ వరసగా రాయించబోతే ఆడవాళ్ళకు నిద్ర వచ్చేది. వరసగా వచ్చేదేదీ వాళ్ళ బతుకులో లేదు మరి. రెండు వారాలు చూసి, మిషను వాళ్ళిచ్చిన పాలపొడి డబ్బా ఒకటి ఖాళీ అయితే కడిగి ఆరబెట్టింది. సబ్బుపెట్టెల అట్టలు కత్తిరించి, ఉప్పుగాలికి మెత్తబడకుండా వెనక గుడ్డ అతికించి, దీపం మసి తుమ్మబంకలో కలిపి ఒక్కో అట్ట మీద ఒక్కో అక్షరం రాసింది. గుణింతాలు రాయాలంటే డబ్బాలు చాలవు. అచ్చులు, తలకట్టు అక్షరాలు, ఒక సున్న, అంతే. ఒకామె డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగైదు అట్టలు తీసి చాప మీద పోస్తే, వాటిని అటూ ఇటూ జరిపి మాట చెయ్యాలి. అవ్వ పెట్టిన రూలే అమ్మ అక్కడా పెట్టింది. మాట చేసిన మనిషే అర్థం చెప్పాలి, అదీ తన బతుకులోంచి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ అట్టలు మళ్ళీ డబ్బాలోకి పోవాల్సిందే. ఆ అర్థాలు ఒక నోటుబుక్కులో రాయడం నా పని.

నోటుబుక్కు లేదు గాని కొన్ని నాకు ఇంకా నోటికి వచ్చు. వల అంటే ఎంత బాగుచేసినా ఇంకా బాగుచెయ్యాల్సింది. పలక అంటే మా పిలకాయలు పగలగొట్టుకుని వచ్చేది. ఓడ అంటే దూరంగా పోతా మనల్ని చూడనిది. ఈ మూడోది పోలమ్మ చెప్పింది. నలభై ఏళ్ళ మనిషి, పొడుగ్గా ఉండేది, ఉప్పుకు పగిలిన వేళ్ళు. భర్తా కొడుకూ ఒకే తెప్ప మీద పోయేవాళ్ళు. ఒకసారి గూడూరులో చేపలమ్ముకుని వాకాడు బస్సనుకుని ఎక్కి, వెంకటాచలంలో దిగబడి, ఖాళీ గంపతో సగం దారి నడిచి వచ్చిందట. బస్సు నెత్తిన రాసింది నేనే చదువుకోవాలని ఆ రోజే అనుకుందట. పాపం, అందరికంటే ఆమెకే అక్షరాలు ఆలస్యంగా పట్టుబడ్డాయి. అట్టలు పేర్చి, ఎక్కడ చిరిగిందోనని వలను చూసినట్టు ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి చూసేది. అంతసేపూ నాకు కాలు నిలిచేది కాదు, పక్క నుంచి అందించాలని నోరు దురద పెట్టేది. అమ్మ నా మోచేయి పట్టుకుని ఆపేది. కాని ఒకసారి చదివిందంటే పోలమ్మ చెప్పే అర్థం కోసం మిగతా ఆడవాళ్ళు తలలు ఎత్తి చూసేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఆమెకు ఈ, త పడ్డాయి. రెండు అక్షరాలే, తొందరగానే చదివింది. అర్థం చెప్పమంటే కాసేపు సముద్రం వైపు చూసి, "నీళ్ళకు మన బరువు తెలియనియ్యకుండా తప్పించుకునేదే ఈత" అంది. అమ్మ ఆ రోజు ఇంటికి నడిచినంత దూరం ఆ మాటే అనుకుంటూ వచ్చింది. అవ్వకు చెబితే అవ్వ కూడా తల అడ్డంగా ఊపలేదు. నేను నోటుబుక్కులో దాని చుట్టూ గీత గీశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు అప్పటికే తెలుసు. తెప్పలు నీళ్ళ మీద ఉన్నంతసేపు ఆ పాళెం ఆడవాళ్ళు కొన్ని మాటలు నోట రానిచ్చేవాళ్ళు కాదు. మునగడం, తిరగబడడం లాంటివని ఎవరైనా ఊహించగలరు. ఈత అన్న మాట కూడా అందులో ఉండేది. ఒక సెలవురోజు పొద్దున్నే అమ్మతో పోయి, దారిలో కోసుకున్న ఈతపండ్లు పోలమ్మకు చూపించి పేరు చెప్పబోయాను. ఆమె తడిచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. "తెప్పలు నీళ్ళ మీద ఉండాయి పాపా, ఆ మాట అనమాక. తెప్ప నిలకడగా ఉంటే ఆ పనెందుకు పడతాది" అంది. పండ్లయినా, చాప అల్లే ఆకయినా పొద్దున పూట వాటికి పేరు లేదు, చూపించి అడగడమే. తెప్ప ఇసకను తాకాక అన్ని మాటలూ మళ్ళీ ఎవరివి వాళ్ళకే. మా తరగతి మధ్యాహ్నం గనక ఈ కట్టుబాటు మాకెప్పుడూ అడ్డం రాలేదు. అడ్డం రాలేదు గనకే నేను మరిచిపోయాను.

ఆ వేసవిలో నెల్లూరు మిషను ఆఫీసు నుంచి జాబు వచ్చింది. తరగతి చూడటానికి పదిరోజుల్లో ఇన్‌స్పెక్టరుగారు వస్తారు, పదిమందిలో ఎనిమిదిమంది ఒక మాటైనా చదివి అర్థం చెప్పగలిగితే తరగతి ఉంటుంది, లేకపోతే పంతులమ్మను బుచ్చిరెడ్డిపాలెం వైపు పంపుతారు. అమ్మ ఆ జాబు మడిచి బైబిల్లో పెట్టింది. నాకు ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టలేదు. బుచ్చిరెడ్డిపాలెంలో ఏముంటుంది? వరి. ఎటు చూసినా కదలకుండా నిలబడే వరి. నాకు సముద్రం కావాలి, పందిరి కావాలి, ఇంకా తెలియని అర్థాలు కావాలి. పోలమ్మ కూడా భయపడింది. ఆ పదిరోజులు గంప దించినప్పుడల్లా ఇసక మీద వేలితో అక్షరాలు రాసుకునేది. ఆమె కోసం నేను ప్రార్థన కూడా చేశాను, చివరిదాకా మోకాళ్ళ మీదే ఉండి.

ఆయన మధ్యాహ్నం వస్తారని అనుకున్నాం. అదే రోజు ఇంకో ఊరు చూడాలని పొద్దున్నే వచ్చేశారు. వాకాడు దాకా జీపులో, అక్కడి నుంచి ఎద్దుబండిలో. తెల్లచొక్కా, జేబులో రెండు కలాలు. చెడ్డమనిషి కాదు, అది ముందే చెబుతున్నాను. ఆడవాళ్ళు చేతిపనులు వదిలి పరుగున వచ్చారు. తెప్పలు ఇంకా రాలేదు. ఎవరూ చాప మీద సరిగా కూర్చోలేదు, అందరి మెడలూ సముద్రం వైపు ఒక పక్కకు తిరిగి ఉన్నాయి. పరీక్షకు భయపడుతున్నారని నేను అనుకున్నాను.

ఆయనే డబ్బాలోంచి అట్టలు తీసి ఇచ్చారు. కడవ వచ్చింది, గంప వచ్చింది, ఉడత వచ్చింది. ఉడత అని చదివినామె, మా పాళెంలో లేదు సార్, మీ ఊళ్ళో ఉండాది అంటే ఆయన కూడా నవ్వారు. తొమ్మిదిమంది అయ్యేసరికి ఏడుగురు నెగ్గారు. ఇద్దరు తడబడ్డారు. మిగిలింది పోలమ్మ ఒక్కతే. ఆయన గడియారం చూసుకుని, ఎండ ఎక్కుతోంది, ఆఖరామెకు నువ్వు తీసి పెట్టు పాపా అని డబ్బా నా వైపు జరిపారు. అదృష్టం నా చేతికే వచ్చిందనుకున్నాను. కష్టమైన అక్షరాలన్నీ వేళ్ళతో పక్కకు నెట్టి, ఆ రెండూ వెతికి తీశాను. ఆమెకు వచ్చిన మాట, రెండే అక్షరాలు, పైగా అంత మంచి అర్థం. దాన్ని నెల్లూరు నుంచి వచ్చిన మనిషి వినాలి, విని నోరు వెళ్ళబెట్టాలి. అది కూడా ఉంది నాలో, అబద్ధమెందుకు. త ముందు, ఈ వెనక పెట్టి పోలమ్మ ముందుంచాను.

ఆమె ఒక్క చూపు చూసింది. ఎప్పటిలా వేలు పెట్టి తడమలేదు. రెండు అట్టలూ బోర్లా తిప్పి, వాటి మీద అరచెయ్యి పెట్టింది. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎండలో నీళ్ళు అడిగిన మనిషికి ఉప్పునీళ్ళు ఇస్తే ఎట్లా చూస్తుందో అట్లా చూసింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

చదవమ్మా అని ఇన్‌స్పెక్టరుగారు రెండుసార్లు అన్నారు. పోలమ్మ అరచెయ్యి తియ్యలేదు. ఆయన వంగి, ఆమె చెయ్యి కింద నుంచి అట్టలు మెల్లగా లాగి, తిప్పి, సరిగా పేర్చారు. సముద్రం ఒడ్డున పుట్టిన దానివి, ఈత అన్న మాట తెలియదా అని ఆయనే పైకి చదివేశారు. చాప మీద ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ముడుచుకున్నారు. ఇద్దరు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె లేచి నీళ్ళ అంచు దాకా పోయి నిలబడింది. సిగ్గుపడుతున్నారని ఆయన అనుకున్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెదవులు బిగించి ఇసక చూస్తోంది. ఇక నేను ఆగలేకపోయాను.

"ఆమెకు వచ్చు సార్."

"వస్తే చదవమను."

"మధ్యాహ్నం చదువుతుంది సార్" అన్నాను.

ఆయన నవ్వి నా తల నిమిరారు. కారణం చెప్పబోయాను. అమ్మ చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది, ఇంతకు ముందెప్పుడూ అంత గట్టిగా పట్టుకోలేదు. ఆయన కాగితం మీద ఏడు అని రాసుకుని, అమ్మతో మంచిమాటలే నాలుగు చెప్పి, బండి ఎక్కారు. దిబ్బల మధ్య బండి చక్రాల మోత వినబడినంతసేపు ఎవరూ కదల్లేదు.

ఆ రోజు సముద్రంలో ఏమీ కాలేదు. ఈ సంగతి చెబితే వినేవాళ్ళు ఎప్పుడూ ఇక్కడికొచ్చేసరికి నా ముఖం వైపు చూస్తారు, ఏదో జరిగి ఉంటుందని. జరగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది, తెప్పలు ఒక్కొక్కటే వచ్చాయి, పోలమ్మ భర్తా కొడుకూ ఎప్పటిలాగే ఇసక మీదికి దూకారు. ఆమె వాళ్ళ వైపు పోలేదు. చేతుల్లో ఏదీ పట్టుకోకుండా పందిరి కిందికి పరుగెత్తుకొచ్చింది, చాప మీద మోకాళ్ళేసి, ఆ రెండు అట్టలూ వరసగా పెట్టి, పాళెమంతా వినబడేటట్టు చదివింది. ఈత. అర్థం కూడా మళ్ళీ చెప్పింది, ఒక్క మాట పోకుండా. ఇన్‌స్పెక్టరుగారు ఎక్కిన బండి అప్పటికి వాకాడు చేరి ఉంటుంది. "రాసుకో పాపా" అంది నాతో. నేను రాయలేకపోయాను, ఏడుస్తున్నాను.

ఇంటికి నడిచేటప్పుడు అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఒక్క మాట చెబితే సరిపోయేది గదా, ఎందుకు చెప్పలేదు అని. అమ్మ నడక ఆపకుండానే, చెబితే ఆయన దాన్ని మూఢనమ్మకమని రాసుకునేవాడు, పదిమంది ముందు ఆమెకు బుద్ధి చెప్పి గాని కదిలేవాడు కాదు, అది నేను చూడలేను అంది. సరుగుడు తోపు దాటాక నిలబడింది. "అయినా ఆమె చదివింది. నువ్వు చూళ్ళేదా? చదవకుంటే నోరెందుకు మూసుకుంటాది?" అంది.

నెల తిరగకుండానే బుచ్చిరెడ్డిపాలెం పోయాం. పోయే ముందురోజు పాళెం పోతే పోలమ్మ డబ్బా తీసుకుని, వెతికి, ఆ రెండు అట్టలూ కొంగున ముడేసుకుంది. ఇవి నా దగ్గర ఉండనియ్యి పంతులమ్మా, మధ్యాహ్నాలు చదువుకుంటా అంది. నా వల్లే ఇదంతా అని చెప్పాలని నేను దారి పొడుగునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. ఆమె నా చేతిలో ఇన్ని ఎండు నెత్తళ్ళ చేపలు పోసి, కోడిపిల్ల మాదిరి అట్లా తిరగమాక పాపా, ఒకచోట కూర్చో అంది. చెప్పలేకపోయాను. తర్వాత ఆమెను మళ్ళీ చూడలేదు. చదువు, పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, అన్నింటికీ సముద్రానికి దూరంగా ఉండే ఊళ్ళే దొరికాయి. నా కుదురులేనితనంలో సగం ఆ చెప్పని మాటే అనిపిస్తుంది ఇప్పుడు.

బుచ్చిరెడ్డిపాలెంలో అమ్మ కొత్త తరగతి పెట్టింది. నాట్లకు పోయే ఆడవాళ్ళు చక్కగా నేర్చుకున్నారు. అయినా పోయిన అట్టల చోట అమ్మ కొత్తవి చెయ్యలేదు. మరిచిపోయిందనుకునేదాన్ని, అమ్మ దేన్నీ మరిచే మనిషి కాదని తెలిసి కూడా. ఇప్పుడు ఆ సముద్రం ఒడ్డు పాళెంలో ఇంజను బోట్లు, బోటుకొక ఫోను, తుఫాను వచ్చే ముందే కబురు. మంచిదే, పోయే ప్రాణాలు తగ్గాయి. కొన్ని మాటలు పొద్దున పూట బరువనీ, మధ్యాహ్నానికి తేలికవుతాయనీ ఈ ఫోనుకు చెప్పేదెవరు? దానికి అన్ని వేళలూ ఒకటే. ఏ మాటకైనా ఒకే గంట కొడుతుంది.

నిన్న పొద్దున ఆటలో ఆరు అక్షరాలు పడ్డాయి. కుదిరిన మాటలన్నీ కలిపేశాను, ఒక్కటి మిగిలింది. రెండే గళ్ళు. ఈ మీద వేలు పెట్టి ఆగిపోయాను. మా ఇంటి నుంచి సముద్రం కనబడదు, వినబడదు. అయినా లేచి గడియారం చూశాను. పది కూడా కాలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, పైన అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు, వంటింట్లోకి గాని గేటు దగ్గరికి గాని పోలేదు. మనవరాలు వచ్చి, ఫోను తీసుకుని చూసింది. రెండక్షరాల మాట, ఇంత చిన్నది కూడా తెలియలేదా అమ్మమ్మా అని నవ్వింది.

"మధ్యాహ్నం చదువుతాలే" అన్నాను.